బిళ్ళలో నింపిన నిద్ర

"ఇప్పుడు పిలిచారంటే ఏం చేస్తావే? రెప్ప వాల్చనే లేదు కదా నువ్వు" అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి వినీల వంటింటి గట్టు మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ ఉప్మా తింటోంది. పక్కనే ఫోన్. అది మోగుతుందేమోనని నాకు భయం, మోగదేమోనని దానికి దిగులు.

"పిలిస్తే వెళ్తాను."

"విమానంలో కునుకు పడితే?"

"పక్కన కెప్టెన్ ఉంటాడు."

"ఆయనకీ కునుకు పడితే?"

"వెనకాల కూర్చున్న వాళ్ళలో నీలాంటి అమ్మ ఒకావిడ ఉంటుందిలే. ఆవిడ ఎలాగూ నిద్రపోదు. వచ్చి తలుపు కొడుతుంది."

హాల్లోంచి మా ఆయన రంగనాయకులు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నిజంగానే అలాంటి అమ్మ ఎవరైనా ఆ విమానంలో ఉంటే బాగుండుననుకున్నాను.

మాది బాపట్ల. అమ్మాయికి పైలట్ ఉద్యోగం వచ్చాక శంషాబాద్ దగ్గర అద్దె ఇంటికి మారాం. డాబా మీద నించుంటే దిగే విమానాల పొట్టలు కనపడే ఇల్లు అది. కనపడకపోతే ఒక భయం, కనపడితే ఇంకో భయం. బట్టలారేయడానికి పైకెళ్ళి, తల మీదుగా ఒకటి పోతుంటే తడిగుడ్డ చేతిలో పట్టుకుని అది గోడల వెనక్కి దిగిపోయేదాకా కదిలేదాన్ని కాదు. పొగ రాకపోతే అప్పుడు గుడ్డ దండెం మీద వేసేదాన్ని.

దాని ఉద్యోగంలో రిజర్వ్ అని ఒకటుంది. ఎక్కడో ఒక పైలట్‌కి జ్వరం వస్తుంది, లేదా వాన పడి ఒక విమానం ఇంకో ఊళ్ళో ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో కూర్చోబెట్టిన వాళ్ళకి ఫోన్ చేస్తారు. మోగగానే బయల్దేరాలి. అలా పిలిచే ముందు ఇంత విశ్రాంతి ఇచ్చి తీరాలని చట్టం ఉంది. ఇస్తారు కూడా. కానీ విశ్రాంతి ఇవ్వగలరు గానీ నిద్ర ఎవరివ్వగలరు? తెల్లారి పిలుస్తారేమోనని పెందలాడే లేచి తయారవుతుంది. పిలవరు. మధ్యాహ్నం నడుం వాలుద్దామంటే పిలుస్తారేమోనని కన్ను అంటుకోదు. పొద్దు గూకే వేళకి ఒళ్ళు తూలుతుంటే అప్పుడు మోగుతుంది. కంపెనీ లెక్కలో మాత్రం అది రోజంతా హాయిగా విశ్రాంతి తీసుకున్న మనిషి.

"అలిసిపోయాను, రాలేనని చెప్పెయ్యవే. చెప్పొచ్చని నువ్వేగా అన్నావు" అనేదాన్ని.

"చెప్పొచ్చమ్మా. ఏమీ అనరు. గుర్తుపెట్టుకుంటారు, అంతే" అనేది.

డాక్టర్ రెహానా మా ఇంటికొచ్చింది అలాంటి రోజుల్లోనే. కంపెనీ వైద్యశాలలో ఏళ్ళ తరబడి నిద్ర మీద పనిచేస్తున్న మనిషి. సన్నగా, ఎప్పుడూ తలనొప్పి ఉన్నట్టు కనుబొమ్మలు ముడేసుకుని ఉంటుంది. చిన్న పెట్టె తెరిచి, నుదుటికి కట్టుకునే మెత్తటి పట్టీ ఒకటీ, చొక్కా గుండీ అంత బిళ్ళ ఒకటీ చూపించింది.

"మీరు ఈ పట్టీ కట్టుకొని పడుకుంటరు. మీకు రావాల్సిన విశ్రాంతి ఈ బిళ్ళ లోపలికి పోతది. పాపను డ్యూటీకి పిలిచినప్పుడు చెవి వెనక అతికించుకుంటది. నిద్రపోయి లేచినట్టే ఉంటది" అంది.

"మరి నాకు?"

"మీకేం మిగలదమ్మా. మీరు మళ్ల పడుకోవాలె."

మా ఆయన పక్కనుంచి అందుకున్నారు. "దాన్నెందుకండీ అడుగుతారు, అది పడుకోవడమే ఓ పండగ. నేనున్నానుగా. నేనొక్కణ్ణి పడుకుంటే మీ ఎయిర్‌పోర్టు మొత్తానికి సరిపోతుంది."

ముందు ఆయన నిద్రే ప్రయత్నించారు. ప్రయోగశాలలో పడుకోబెట్టిన నిమిషానికి గుర్రు మొదలైంది. నర్సులు తలుపు మూసుకున్నారు. బిళ్ళ నిండింది. తీరా వినీలకి అతికిస్తే దానికి ఆవలింతలు రెట్టింపయ్యాయి. నాన్న నిద్ర దానికి అంటలేదు. తర్వాత నా వంతు. ముందు రోజు నుంచీ వినీలని పడుకోనివ్వకుండా ఉంచారు. కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండిపోయి, తెర మీద దీపం వెలిగినప్పుడల్లా మీట నొక్కమంటే, దీపం ఆరాక నొక్కుతోంది నా తల్లి. నేను అటుపక్క గదిలో, ఒంట్లో భయమంతా పెట్టుకుని ఎలాగో నిద్రపోయాను. లేచేసరికి కాళ్ళు సీసం పోసినట్టున్నాయి, పడుకున్నానన్న మాటే గానీ పడుకున్నట్టు లేదు. తలుపు తీసి చూస్తే, అప్పటికే నా బిళ్ళ అతికించినట్టున్నారు, వినీల టకటకా మీటలు నొక్కుతోంది. ముఖం అప్పుడే తలంటుకున్నట్టుంది.

"కడుపుల ఉన్నప్పుడే మీ నిద్ర లెక్క నేర్చుకున్నది అది. అందుకే మీదే అతికింది" అంది డాక్టర్. ఆ ఒక్కసారే ఆవిడ కనుబొమ్మలు విడటం చూశాను.

దానికి నేనివ్వగలిగింది ఒకటి ఇంకా నా ఒంట్లో మిగిలుందని తెలిసి గర్వపడ్డాను. గర్వపడినందుకు వెంటనే భయం కూడా వేసింది.

ప్రయోగం జరిగినన్నాళ్ళూ నియమాల్లో సడలింపు ఇచ్చారు. నిండిన బిళ్ళ దగ్గరున్న రిజర్వ్ పైలట్‌ని నిద్రపోయి లేచినట్టే లెక్కించవచ్చన్నారు. దాంతో ఫోన్ ఎక్కువ మోగడం మొదలైంది. నేను మధ్యాహ్నం భోజనం కాగానే వీధి తలుపు గడియ వేసి, పట్టీ కట్టుకుని దాని కోసం పడుకునేదాన్ని. లేచి, మళ్ళీ రాత్రి నా కోసం పడుకునేదాన్ని. రెండో నిద్ర సరిగా పట్టేది కాదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేదాన్ని.

"మన ఇంట్లో వంట కూడా రిజర్వ్‌లో ఉందమ్మాయ్. ఎప్పుడు పిలుస్తారో తెలీదు" అనేవారు మా ఆయన.

డాక్టర్ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పింది. "కల వస్తే నాకు చెప్పాలె. ఆ బిళ్ళ పక్కన పడేస్తం, మళ్ల నింపుకుందం. కలలు కూడా దాంట్లకి పోతయా లేదా అన్నది మాకింక పూరాగ తెల్వదు." రోజూ తనే ఫోన్ చేసి అడిగేది. "కలేమన్న వచ్చిందా అమ్మా?"

"లేదమ్మా" అనేదాన్ని.

రోజూ వచ్చేది. ఒకటే కల. మా డాబా మీద నించుని ఉంటాను. నీళ్ళ ట్యాంకు పక్కనుంచి విమానం వస్తుంది, తల వెంట్రుకలు లేచేంత కిందికి. కుడిపక్క చక్రం బయటికి వచ్చి ఉంటుంది. ఎడమపక్క ఏమీ ఉండదు, తోమిన పళ్ళెంలా నున్నగా ఉంటుంది. అరుద్దామంటే నోరు రాదు. గోడల వెనక్కి దిగిపోతుంది. ఆ తర్వాత గీసిన అగ్గిపుల్ల చప్పుడు.

ఇలాంటి కల మనిషికి చెప్పకూడదు. మా అమ్మ మాకు చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట. చెడ్డ కల మనిషి చెవిన పడితే దారి దొరికినట్టు ఇంట్లోకి వస్తుంది. పారే నీళ్ళకి చెప్పాలి, అవి తీసుకుపోతాయి. అందుకని లేవగానే వంటింట్లో కుళాయి తిప్పి, దాని ముందు వంగి, గొంతులోనే చెప్పేసేదాన్ని. నీళ్ళు తీసుకుపోయాయి, ఇంక ఆ కల లేనట్టే. అప్పుడు డాక్టర్ ఫోన్ వచ్చేది. లేదమ్మా అనేదాన్ని. నా వరకు అది అబద్ధం కాదు. పైగా కల వచ్చిందంటే బిళ్ళ పారేస్తారు. ఆ సాయంత్రమే పిలుపొస్తే నా బిడ్డ తూలే కళ్ళతో వెళ్ళాలి. ఏ తల్లి చెబుతుంది?

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. పిలుపొచ్చింది. విశాఖపట్నం విమానం. వినీల బిళ్ళ తీసుకుని చెవి వెనక అతికించుకుంది.

"చేరగానే ఫోన్ చెయ్యి. సముద్రం పక్కన దిగుతుంది కదా, గాలి ఎక్కువుంటుంది. కెప్టెన్ చెప్పినట్టు విను. ఏదన్నా అనుమానంగా ఉంటే పైకే పో, దిగొద్దు" అన్నాను.

"పైకే పోయి అక్కడే కాపురం పెట్టనా?" అంది బూట్లు వేసుకుంటూ.

చేరాల్సిన వేళకి ఫోన్ రాలేదు. మా ఆయన టీవీ పెట్టబోతే వద్దన్నాను. పెట్టకపోతే ఏమైందో తెలియదు, పెడితే తెలుస్తుంది. రెండూ భరించలేక వాకిట్లో నించున్నాను. చాలాసేపటికి మోగింది.

"దిగాం" అంది. అంతే. గొంతు దానిది కాదు.

మర్నాడు ఇంటికొచ్చి, బ్యాగు గుమ్మంలోనే వదిలేసి, మా మంచం అంచున కూర్చుంది. నేను మంచినీళ్ళిస్తే తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది.

"నేనే దింపుతున్నానమ్మా. అంతా బాగానే ఉంది. చక్రాలు దిగాయని చెప్పే పచ్చదీపాలు మూడూ వెలుగుతున్నాయి. కెప్టెన్ కూడా చూసి చెప్పాడు. రన్‌వే ఎదురుగా కనపడుతోంది. ఇన్నాళ్ళూ దిగేటప్పుడు ఊరికే కాస్త గుబులుగా ఉండేది, ఈసారి ఉన్నట్టుండి ఎడమ చక్రం లేదని తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. పైకి లేపేశాను. కెప్టెన్ ఏమైందన్నాడు. చెప్పాను. టవర్ వాళ్ళని చూడమన్నాం, అన్నీ దిగే ఉన్నాయన్నారు. చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాను. మళ్ళీ అదే. మళ్ళీ లేపేశాను. వెనకాల పిల్లలు ఏడుస్తున్నారు, తలుపులోంచి వినపడుతోంది. మూడోసారి కెప్టెన్ విమానాన్ని నా చేతిలోంచి తీసుకుని తనే దింపాడు. ఏమీ కాలేదు. మూడు చక్రాలూ ఉన్నాయి."

"అలిసిపోయి ఉంటావు తల్లీ."

"అలిసిపోలేదమ్మా, అదే నా భయం. ఒళ్ళు తేలిగ్గా ఉంది. కానీ చూశాను. నేను విమానంలో కూర్చుని ఉన్నాను కదా, నాకు విమానం కింద నుంచి కనపడింది. ఎవరో డాబా మీద నించుని చూస్తున్నట్టు. పక్కన దండెం కూడా కనపడింది, బట్టలున్నాయి. చివర్న గీసిన అగ్గిపుల్ల చప్పుడు." గ్లాసు కింద పెట్టింది. "నాకు పిచ్చెక్కుతోందేమోనమ్మా."

నీళ్ళు తీసుకుపోలేదు. నీళ్ళకి చెప్పేలోపే అది బిళ్ళలోకి వెళ్ళిపోయింది.

అప్పుడే నోరు తెరవాల్సింది. తెరిచాను కూడా. దాని తలని నా ఒళ్ళోకి లాక్కుని, "పోనీలే, ఇంటికొచ్చావు, చాలు" అన్నాను.

కంపెనీ దాన్ని డ్యూటీలోంచి పక్కన పెట్టింది. విచారణ అయ్యేదాకా ఇంట్లోనే. ఫోన్ మోగలేదు. పట్టీ డాక్టర్ తీసుకుపోయింది. మొదటిసారిగా నేను నా కోసం పడుకుని, నిండుగా లేచాను. డాబా మీద బట్టలారేస్తుంటే విమానాలు పోతున్నాయి, ఏదీ నాది కాదు. వాటిలో ఉన్నవాళ్ళకీ తల్లులుంటారని గుర్తొచ్చేది, అయినా తడిగుడ్డ చేతిలో ఆగేది కాదు. నా బిడ్డ కింద గదిలో ఉంది. నేను కోరుకున్నది ఇదేగా. చక్రాలు ఉన్నా లేకపోయినా మంచం మీద నుంచి ఎవరూ పడిపోరు.

కానీ అది మంచం దిగడమే మానేసింది. దిగితే ఇంకో రకం. ఒకరోజు మా ఆయనతో కూరగాయలకి పంపిస్తే దారిలోంచే వెనక్కి వచ్చేశారు.

"రోడ్డు దాటనంటోందే. బస్సు అంత దూరంలో ఉంది. నా చెయ్యి పట్టుకుని, బ్రేకులు లేవేమో నాన్నా అంటోంది" అన్నారు. ఆయన నవ్వించడానికి చెప్పలేదు ఆ మాట.

ఇంకోరోజు నేను కుక్కర్ మూత పెడుతుంటే వెనకనుంచి వచ్చి నా భుజం పట్టి లాగింది. "దగ్గరికి వెళ్ళకమ్మా. పేలుతుందేమో."

ఆ గొంతు, ఆ మాట వంపు, చివర్న ఊపిరి బిగబట్టడం, అంతా నాదే. ముప్ఫై ఏళ్ళు కూడా లేని పిల్ల నోట్లోంచి నేను మాట్లాడుతున్నాను. విమానాన్ని గాలివానలో నిలబెట్టిన చేతులు నా చీర కొంగు పట్టుకుని ఉన్నాయి.

"వినీలా, ఆ రోజు నీకు కనపడింది..." అని మొదలుపెట్టాను.

"ఏంటమ్మా?"

చెబితే అది మళ్ళీ పైకి వెళ్తుంది. చెప్పకపోతే ఇలా ఉంటుంది. ఎటు చూసినా నాకు భయమే. పైగా ఆ కల మనిషి చెవిన పడితే నిజమవుతుందని నా ఎముకల్లో ఉంది. ఇన్నాళ్ళూ నీళ్ళకి చెప్పాను కాబట్టే చక్రం దిగిందేమో. ఇప్పుడు దాని చెవిలోనే వేస్తే?

"ఏం లేదు. కుక్కర్‌కి ఏమీ కాదు, నువ్వెళ్ళు" అన్నాను.

విచారణ రోజు ముగ్గురం వెళ్ళాం. చల్లటి గది, పొడుగాటి బల్ల. మధ్యలో కూర్చున్నాయన విశ్వంభర రావు గారు, ఒకప్పుడు తనూ విమానాలు నడిపినవారు, ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. కఠినంగా ఏమీ లేరు. డాక్టర్ రెహానా ఓ చివర కూర్చుంది. మా ఆయన్ని బయటే ఉండమన్నారు. నన్ను పిలిచింది నిద్ర ఇచ్చిన మనిషిగా.

వినీల నిలబడి చెప్పింది. "నాకు లేనిది కనపడిందండీ. మళ్ళీ కనపడదని నేను చెప్పలేను. నా వెనకాల అంతమంది కూర్చుంటారు. నన్నింక ఎక్కించకండి."

"నిద్ర సరిపోయిందా ఆ రోజు?" అన్నారాయన.

"సరిపోయిందండీ. అమ్మ బిళ్ళ నిండుగా ఉంది."

"అయితే అలసట కాదన్నమాట." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అలసటైతే మాకు నియమాలున్నాయమ్మా, సర్దొచ్చు. ఇది మనసుకి సంబంధించింది అయితే నేను చేయగలిగింది తక్కువ. నువ్వు అడుగుతున్నదే చెయ్యాల్సి వస్తుంది."

"సరేనండీ" అంది. వాదించలేదు. అది నన్ను భయపెట్టింది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో నాతో ఒక్కమాట కూడా వాదించకుండా ఒప్పుకోని పిల్ల.

ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా, ఇది అందరినీ అడిగే ప్రశ్నే. ఆ రోజు ఆ బిళ్ళ నింపినప్పుడు మీకు కల ఏమన్నా వచ్చిందా? ఆలోచించుకుని చెప్పండి."

డాక్టర్ రెహానా తలెత్తలేదు. రోజూ ఈ ప్రశ్న అడిగిన మనిషి, ఈ రోజు జవాబు వద్దన్నట్టు బల్ల వైపే చూస్తోంది. ఆవిడ చేతివేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లబడ్డాయి. నేను అవునంటే ఆవిడ ఇన్నేళ్ళు కట్టుకున్నదంతా కూలుతుంది. కాదంటే నా బిడ్డ సాయంత్రం నాతో ఇంటికొస్తుంది, రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఎప్పటికీ రోడ్డు దాటదు.

ఎవరో కుర్చీ సర్దుకున్నారు. వినీల నా వైపు చూసింది. కుక్కర్ దగ్గర నన్ను లాగినప్పటి కళ్ళవి. నాకు నోరు ఎండిపోయింది, కలలో అరవబోయినప్పుడు ఎండినట్టే. విశ్వంభర రావు గారు తొందరపెట్టలేదు. కళ్ళజోడు పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "పోనీ, గుర్తులేకపోతే..." అని పక్కనున్నాయన వైపు తిరగబోయారు.

"వచ్చిందండీ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎడమ చక్రం లేని విమానం. మా డాబా మీద నించుని చూసింది నేను. దండెం మీద బట్టలు నావి. రోజూ వచ్చేది, రోజూ ఈ డాక్టరమ్మకి రాలేదన్నాను. మా అమ్మాయి మనసుకేమీ కాలేదండీ, అది నా భయం చూసింది. నాకిప్పుడు కూడా భయంగానే ఉంది, చెబుతుంటే ఇంకా ఎక్కువగా ఉంది. దాన్ని విమానం ఎక్కించండి. కాకపోతే ఎక్కించే ముందు, దాని నిద్ర దాన్నే పోనివ్వండి."